అత్తగారు కళ్లు పెట్టేదాకా

మా ఇంటి హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ ఖాళీగానే ఉంది, దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మొన్నామధ్య మా బావమరిది మంచి మనసుతో, స్విచ్చి వేస్తే నీళ్లు పారుతున్నట్టు కనిపించే జలపాతం బొమ్మ ఒకటి తెచ్చి అక్కడ తగిలించాడు. రెండో రోజు సాయంత్రం మా ఆవిడ దాని ప్లగ్గు పీకి, "చేత్తో వేసిన బొమ్మ ఒక్కటి దొరకదా మన వైపు?" అంది. నాకు తెలిసిన పెయింటర్ ఉన్నాడన్నాను. నా ప్రయాణాలన్నీ ఇలా నోరు జారడంతోనే మొదలవుతాయి.

ఆ పెయింటర్ పేరు నాగులు. భద్రాచలంలో సైన్‌బోర్డులు రాస్తాడు. ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ గేటు మీద పేరు రాయడానికి ఒకసారి వచ్చాడు. నాలుగైదు టీలు కలిసి తాగినంత పరిచయం. ఫోన్ చేస్తే, "మంచి టైముకు చేసిన్రు సారు. మా అత్తగారి ఊళ్లె గోడ మీద బొమ్మ ఏసిన. ఎల్లుండి మా అత్త కళ్లు పెడ్తది. పెడితే బొమ్మ చూస్తరు. పెట్టకపోతే ఉత్త గోడ చూస్తరు. జల్దీ రండి," అన్నాడు. సగం అర్థమైంది. మిగతా సగం కోసం సెలవు పెట్టాను.

పొద్దున పదిన్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు ఉచితం. బస్సులో డబ్బులిచ్చి టికెట్టు కొన్నవాళ్లం ఏడెనిమిది మందిమి. అందరం నిలబడే ఉన్నాం.

తల్లాడలో సీటు దొరికింది. పక్కన తెల్ల చొక్కా పెద్దాయన. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారట.

"ఏం పని మీద వెళ్తున్నారండీ?" అన్నాడు.

"గోడ మీద బొమ్మలు చూడ్డానికండీ."

"మా హాల్లో కూడా గోడకి కాయితం అంటించామండీ. వెదురు పొద ఉంటుంది దాని మీద. గాలికి ఊగుతున్నట్టే ఉంటదంటే నమ్మండి. పొలం గట్టు మీద నిజం వెదురు ఉండేదనుకోండి, నీడ పడుతుందని కొట్టించేశాం."

బాగుందండీ అన్నాను. ఆయన ఏన్కూరులో దిగిపోయాడు.

రైల్లో వెళ్దామనుకునే పాఠకులకు ఒక మాట. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగి గోదావరి ఎక్కడని అడిగిన వాళ్లను ఆటోవాళ్లు చాలా ప్రేమగా చూస్తారు. అక్కడి నుంచి ఇంకో గంట పైనే బస్సు ప్రయాణం ఉంది. నేను కొత్తగూడెంలో టీ మాత్రం తాగి, పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదుగా రెండున్నరకు భద్రాచలంలో దిగాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. బాల్కనీలోంచి గోదావరి కనిపిస్తుందని మేనేజరు చెప్పాడు. అబద్ధం కాదు. కుడివైపుకు బాగా వంగి చూస్తే, పక్క లాడ్జి నీళ్ల ట్యాంకుకూ ఎవరో ఆరేసిన దుప్పటికీ మధ్య కొంత గోదావరి ఉంది.

సాయంత్రం నాగులు షెడ్డుకు వెళ్లాను. చుట్టూ రంగు డబ్బాలు. సగం రాసిన బోర్డులు సగంలోనే ముసలివైపోయాయి. ఫ్లెక్సీలు వచ్చాక చేతి రాతకు గిరాకీ లేదు. ఆ సంగతి అతను దుఃఖంగా చెప్పలేదు. "మొన్న ఒకాయన ఫ్లెక్సీ కట్టే కట్టెలకు రంగు ఏపిచ్చుకున్నడు సారు. దుకాణం ఇంకా నడుస్తున్నదన్నట్టే," అన్నాడు.

తన పని గురించి చెప్పమంటే హుషారొచ్చింది. నీలిమందులో ముంచిన దారాన్ని గోడ మీద బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీత తప్పితే పెయింటర్ తప్పినట్టే. బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నావంటే, సినిమా హాలు ముందు కటౌట్లు చూసి అన్నాడు.

"రెండు సంగతులు సారు. బోర్డు మీది మనిషి రోడ్డు మీది మనిషి కండ్లల్లకు సూటిగా చూడాలె. చూస్తెనే ఆగుతడు. రెండోది కింద కుడి మూల. ఫోన్ నంబర్ జాగ. అది లేకుంటే బొమ్మ ఎంత మంచిగున్నా దండగ."

రేపటి సంగతీ అక్కడే తెలిసింది. నాగులు కోయవాడు. భార్య జోగమ్మది చర్ల రోడ్డులో ఇప్పగూడెం అనే అడవి అంచు ఊరు. జోగమ్మ పుట్టింటివాళ్ల దగ్గర పడిగె ఉంది. పడిగె అంటే ఆ వంశం కథ బొమ్మలుగా వేసిన మూడు మూలల గుడ్డ జెండా. జాతరకు దాన్ని బయటికి తీస్తారు. అది ఉండే ఇంటికి ఈ ఏడు సిమెంటు గోడలు వచ్చాయి. రోడ్డు వైపు గోడ మీద పడిగెలోని బొమ్మలే పెద్దగా వెయ్యమని పెద్దలు అల్లుడికి చెప్పారు. ఎవరు వేసినా కళ్లు మాత్రం ఆ ఇంటి పెద్దామె పెట్టాలి. అంటే నాగులు అత్త ముత్తమ్మ. కళ్లు లేని బొమ్మ జాతర నాటికి గోడ మీద ఉండకూడదు. ఆమె పెట్టనంటే సున్నం కొట్టేస్తారు.

"నా బతుకంత సబ్బులకు, ఎరువులకే ఏసిన సారు," అన్నాడు నాగులు బ్రష్షు కడుగుతూ. "గోడ మీద నా కోసం ఏసింది ఇదొక్కటే. ఆమె సున్నం అంటే ఇగ నేను బ్రష్షు ముట్ట."

మరునాడు పొద్దున ఇడ్లీ తిని ఏడింటికి చర్ల బస్సు ఎక్కాను. నాగులు రాత్రే వెళ్లిపోయాడు. పక్కన కూర్చున్న ముసలామె ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"ముత్తమ్మ అల్లుని గోడ కాడికా? ఎందుకయ్యా కిరాయి దండగ. ఆమె పెట్టదు."

ముందు సీటు ఆవిడ తల తిప్పింది. "ఎందుకు పెట్టదు? బిడ్డనే ఇచ్చింది, కండ్లు పెట్టదా?"

"బిడ్డను ఇచ్చినప్పుడు గింత ఆలోచించలే."

కండక్టరు టికెట్టు చింపుతూ, తనైతే పెడుతుందనే అంటానన్నాడు. దిగేలోపు బస్సు రెండుగా చీలిపోయింది. "పొయ్యొచ్చేటప్పుడు గిదే బస్సు ఎక్కండి సారు, ఏమైందో చెప్పాలె," అన్నాడు కండక్టరు.

గోడ రోడ్డు మీదికే ఉంది. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా చెట్లు. వాటి ముందు అడవిదున్నల మంద, మధ్యలో నెమళ్లు, ఒక పులి, కొమ్ముల తలపాగాలతో మనుషులు, అన్నీ బారుగా ఎడమవైపు నడుస్తున్నాయి. ఎడమవైపు నిజంగానే కొండ ఉంది, వాళ్లు జాతర చేసే తల్లి గుడి దాని మీదే. ఎర్రరంగు ఎంత బాగా కుదిరిందంటే నేను కాసేపు ఏమీ అనకుండా నిలబడ్డాను. మా ఆవిడ చూస్తే ఆశ్చర్యపోయేది, బొమ్మను చూసి కాదు, నన్ను చూసి. ప్రతి ముఖంలోనూ కళ్ల స్థానంలో తెల్లటి చుక్కలున్నాయి. గోడ పక్కన డ్రమ్ములో సున్నం నానుతోంది. దాన్ని కర్రతో తిప్పుతున్నవాడు ఎవరి పక్షమూ కాదన్నట్టు నిలబడ్డాడు.

ముత్తమ్మ బక్కపలచని మనిషి. వాకిట్లో కూర్చుని ఈత పుల్ల కొసను నములుతోంది. కుంచె తయారవుతోందన్నమాట. ముందు చిప్పల్లో బొగ్గు పొడి, ఎర్రమట్టి, తుమ్మబంక నీళ్లు. నేను కాలేజీ మనిషిని కదా, "అమ్మా, ఈ చిత్రాలకు మీ స్ఫూర్తి ఏమిటి?" అన్నాను.

ఆమె బిడ్డ వైపు చూసింది. "ఏందంటున్నడు?"

"బొమ్మలు ఎట్ల తోస్తయని," అంది జోగమ్మ.

"తోచుడేంది? మా అత్త ఏసింది చూసి నేను ఏస్త. మా అత్త ఆమె అత్త ఏసింది చూసి ఏసింది. మొదలు ఏసినామె దున్నలను చూసి ఏసింది. ఇప్పుడు దున్నలు లేవు, చూసేతందుకు మేమున్నం." ఆ తర్వాత కోయ మాటల్లో ఏదో అంది. అందరూ నవ్వారు కాబట్టి నా గురించే అయి ఉంటుంది.

పదింటికి లేచింది. ఊరంతా పోగైంది. నాగులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది పెన్ను పెట్టుకునే జేబు.

ముత్తమ్మ గోడ వెంట ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చింది.

"అల్లుడా."

"ఆఁ అత్తా."

"ఇవి ఎటు పోతున్నయ్?"

"కొండ దిక్కే అత్తా. కాళ్లు చూడు."

"కాళ్లు కొండ దిక్కే పోతున్నయ్. మొఖాలు రోడ్డు దిక్కు ఎందుకున్నయ్? బస్సు కోసం చూస్తున్నయా?"

నిజమే. నేను కూడా అప్పుడే గమనించాను. పులి నుంచి నెమలి దాకా ప్రతి ముఖమూ రోడ్డు మీద పోయేవాణ్ణి పలకరిస్తున్నట్టు ఇటు తిరిగి ఉంది.

"బస్సుల పోయేటోళ్లు చూడాలె గద అత్తా. మొకం తిప్పుకుంటే ఎవరు ఆగుతరు?"

"దుకాణం బొమ్మ ఏసినవ్. నా దున్నలు సబ్బు అమ్ముతున్నట్టున్నయ్. తల్లి ఎనక పోయేటియి ఎవ్వరి దిక్కూ చూడయి అల్లుడా. పడిగెల చూడలే నువ్వు?"

జనం నవ్వారు. నాగులు నవ్వలేదు. ముఖాలన్నీ మళ్లీ వెయ్యడానికి టైము లేదు. జాతర మరునాడే. సున్నం దగ్గరున్నవాడు కర్ర తిప్పడం కొంచెం పెంచాడు.

ముత్తమ్మ కుడి చివర ఆగింది. "గిదేంది? అంత దూరం అడివున్నది, ఈ మూలకు ఏమైంది? ఎవరన్న నరికిన్రా?"

కింద కుడి మూలలో జానెడు వెడల్పున చక్కటి ఖాళీ. నాగులు దాన్ని చూసి నోరు తెరిచాడు. అది అక్కడ ఉందని అతనికీ అప్పుడే తెలిసింది.

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫోన్ నంబర్ జాగనే అవ్వా. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మా లగ్గమైనంక నా బొమ్మ గీసిండు గద, దాంట్ల గూడ నాకు కుడి పక్క కాలు లేదు."

ముత్తమ్మ నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక గోడకు ఆనుకుని, చివరికి కింద కూర్చుంది. "తల్లికి ఫోన్ చేస్తవా అల్లుడా? నంబర్ ఉన్నదా?" అని మళ్లీ నవ్వింది. నాగులు కూడా చెమట తుడుచుకుంటూ నవ్వాడు, తప్పేదేముంది.

నవ్వు అయిపోయాక మాత్రం ఆమె లేవలేదు. కూర్చున్న చోటి నుంచే చాలాసేపు దున్నల తెల్ల చుక్కల్ని చూసింది. తర్వాత బొగ్గు చిప్ప ఇమ్మంది. లేచి ముందున్న దున్న దగ్గరికి వెళ్లి, నల్ల చుక్కను తెల్ల చుక్క మధ్యలో కాక, ఎడమ అంచుకు తెచ్చి పెట్టింది.

"నడిమిట్ల గదా పెట్టాలె పెద్దమ్మా?" అన్నారెవరో.

"నడిమిట్ల పెడితే రోడ్డు చూస్తది. గిట్ల పెడితే?"

రెండో కన్ను కూడా అలాగే పెట్టింది. అప్పుడు దున్న మారిపోయింది. రోడ్డు మీద ఎవరో పిలిస్తే మర్యాద కోసం ముఖం తిప్పి, చూపు మాత్రం కొండ మీదే ఉంచినట్టు ఉంది.

నాగులు దగ్గరికెళ్లి చూశాడు. "అత్తా, మా పనిల ఇది పెద్ద తప్పు. చూపు పక్కకు పోతే గిరాకీ పోతది."

"పోనియ్," అంది ముత్తమ్మ, మూడో కన్ను పెడుతూ.

అన్ని కళ్లూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చివరికి ఆమె ఆ ఖాళీ మూల దగ్గర కూర్చుని, బొగ్గుతో ఒక చిన్న దూడను వేసింది. మందకంతా వెనకాల, కాళ్లు తడబడుతూ పరుగెత్తుతున్న దూడ. దానికీ కన్ను పెట్టింది, కొండ వైపే.

"ఇది నువ్వే అల్లుడా. అందరికంటే ఎనకబడ్డవ్. కాని ఒస్తున్నవ్ తియ్."

నాగులు ఏదో జవాబు చెప్పబోయి, బ్రష్షులు కడగాలని గుర్తొచ్చి పంపు దగ్గరికి వెళ్లాడు. అక్కడ చాలాసేపు కడిగాడు. ఆ రోజు అతను బ్రష్షు వాడలేదు.

నానిన సున్నం దండగ పోకూడదని పక్కనున్న దిమ్మెకు వేశారు. వాళ్లింట్లో నాటుకోడి కూరతో అన్నం పెట్టారు. మీరు వెళ్తే ముందుగా కబురు చేసి వెళ్లండి. తిన్నాక మా హాలు గోడ సంగతి ఎత్తాను. గుడ్డ మీద చిన్న మంద వేసిస్తానన్నాడు నాగులు. ముత్తమ్మ అడ్డం వచ్చింది. "మీ ఇంట్ల కండ్లు ఏ దిక్కు పెట్టాలె సారు?"

మా ఇంట్లో కొండ లేదు. ఫోన్ సిగ్నల్ కోసం రోడ్డు మీదికి వచ్చి మా ఆవిడను అడిగాను. ఎడమ పక్క టీవీ, కుడి పక్క వంటిల్లు.

"వంటింటి వైపు పెట్టించండి," అంది. "ఇంట్లో ఎవరో ఒకరు ఇటు చూస్తారు."

ఆ మాట ముత్తమ్మకు చెప్పాను. ఆమెకు మా ఆవిడ బాగా నచ్చింది.

సాయంత్రం భద్రాచలం వైపు అదే బస్సు వచ్చింది. ఎక్కగానే కండక్టరు, "పెట్టిందా?" అన్నాడు. పెట్టిందన్నాను. టికెట్టు చింపడం మానేసి డ్రైవరుకు కేకేశాడు. గోడ ముందు బస్సు నెమ్మదించింది. అందరూ గోడ వైపు కిటికీల్లోకి వంగారు. రోడ్డు మీదివాళ్లను ఆపడానికి అంత కష్టపడి వేసిన ముఖాలు. ఇన్ని గంటలు ప్రయాణం చేసి, నిలబడి, కూర్చుని, చూసినవాణ్ణి నేను. ఒక్క దున్న కూడా నా వైపు చూడలేదు.

"ఎటు చూస్తున్నయవి?" అంది వెనక సీట్లో ఒకామె.

బస్సులో తలలన్నీ ఒక్కసారి కొండ వైపు తిరిగాయి. డ్రైవరు తలతో సహా.