అచ్చు తప్పు, సుత్తి దెబ్బ

మా అత్త పోయిందని మంగళవారం పొద్దున నల్లంపల్లి నుంచి ఆమె కోడలు ఫోను చేసింది. "నిద్దర్లోనే పోయినాదక్కా" అని ఏడ్చింది. నేను ధర్మపురిలో బస్సెక్కి కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. పాలకోడు టమేటా మండీ పక్కన చాలా ఏళ్ళు టీ కొట్టు నడిపింది. పది రూపాయల నాణెం చెల్లదని ఎవడో పుట్టించిన పుకారు నమ్మి, తమిళనాట మా వైపు అంగళ్ళవాళ్ళు దాన్ని పురుగును చూసినట్టు చూసే రోజుల్లో అత్త మాత్రం తీసుకునేది. "సర్కారు కొట్టిన కాసును కాదనేదానికి వీళ్ళెవురు?" అనేది. అలా వేల నాణేలు ఆమె వేళ్ళ మీదుగా పోయాయి. చదువు లేదు గాని నాణెంలో తేడా ఉంటే వేలికే తెలిసేది.

తర్వాత ఫోన్లలో వీడియోలు వచ్చాయి. అచ్చు తప్పిన నాణెం ఉంటే లక్షలట. నిన్న చెల్లదని విసిరికొట్టిన మహానుభావులే ఇవాళ అదే నాణేన్ని ఎండకు పట్టి చూసుకుంటున్నారు. యాసిడ్‌లో ముంచి బొమ్మ చెరిపేవాడొకడు, ఆకురాయితో అంచు గీకేవాడొకడు. వాళ్ళను దొంగలనడానికి కూడా నాకు మనసొప్పదు. దొంగకు కొంచెమైనా నేర్పు ఉంటుంది.

ఆ వీడియోలను నమ్మిన వెర్రివాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆయన కాలు విరిగి ఇంట్లో పడి ఉన్న నెలలవి. నడిమి బిళ్ళ పక్కకు తిరిగిన పది రూపాయల నాణెం నాకు దొరికింది. వీడియోలోని నంబరుకు ఫొటో పంపితే ఒకడు ఏడు లక్షలన్నాడు, ముందు ఐదు వేలు రిజిస్ట్రేషన్ కట్టమన్నాడు. కమ్మలు తీసి పర్సులో వేసుకుని, తాకట్టుకు పోతూ, గొప్పగా చూపిద్దామని అత్త కొట్టు దగ్గర ఆగాను.

అత్త చేతులు తుడుచుకుని నాణెం వెలుగులోకి పట్టుకుంది.

"ఏమే, ఇదేనా నీ లక్షలు? అచ్చు ఒక్క దెబ్బతో నడిమి బిళ్ళ మీదా అంచు మీదా పడతాది. తప్పు కాసు కొట్టేకాడే జరిగుంటే బొమ్మ గీత తెగకుండా నడిమి నుంచి అంచుకు పోవాల. ఇది తెగింది చూడు. ఎవుడో నడిమిది ఊడగొట్టి, తిప్పి, మళ్ళా సుత్తితో దిగ్గొట్టినాడు. గోరు పెట్టి చూడు."

గోరు పెట్టాను. సుత్తి నొక్కు తగిలింది.

అప్పుడే ఆ ఏడు లక్షలవాడు ఫోను చేశాడు. అత్త లాక్కుని, తమిళంలో ఎంతో మర్యాదగా అడిగింది. "నాయనా, ఏడు లక్షల్లో నీ ఐదు వేలు పట్టుకుని మిగిలింది పంపరాదా?"

వాడు పెట్టేశాడు.

"చూసినావా, లక్షాధికారి పారిపోయినాడు. కమ్మలు పెట్టుకో, మొగం బోసిగా ఉండాది."

ఆ తర్వాత కొట్టు దగ్గరికి పోయినప్పుడల్లా నాకు నేర్పింది. అచ్చు పగిలితే నాణెం మీద గీత ఉబ్బి ఉంటుంది, ఎవడైనా గీకితే గుంట పడుతుంది. ఒకసారి కారిమంగళం నుంచి వచ్చిన గొర్రెల కాపరి రెండు రూపాయల బిళ్ళ ఇచ్చాడు. అత్త దాన్ని పైనా కిందా పట్టుకుని పక్కకు తిప్పింది. నిలువుగా రావలసిన వెనక బొమ్మ అడ్డంగా వచ్చింది. వెళ్ళిపోతున్న ముసలాయన్ని కేకేసి పిలిచింది.

"అయ్యా, ఇది కొట్టేటప్పుడే తిరిగినాది. ఇష్టమున్నోళ్ళు కొంచెం ఎక్కువిస్తారేమో. లక్షలిస్తాననేవాడు వస్తే మాత్రం చెప్పు తీసుకో."

ఆయన నవ్వి, దాన్ని నడుం దగ్గర దోపుకుని వేరే బిళ్ళ ఇచ్చాడు.

"నువ్వే ఉంచుకోవచ్చు కదత్తా?" అన్నాను.

"తప్పు కొట్టినోళ్ళది, కాసు ఆయనది. నడిమి నాదేముందే?"

ఈ కాలంలో ఇంత శుభ్రమైన మనిషి చేతి టీ తాగాను. నాకు అది చాలు.

నల్లంపల్లిలో నేను చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె బతికుండగా ఏనాడూ గడప తొక్కని దూరపు చుట్టం ఒకాయన మాలతో వచ్చాడు. మాల వేసి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయమ్మ శానా కాసులు ఏరి పెట్టిందంట గదా? డబ్బా ఏడుంది?"

"డబ్బా లేదు. వచ్చినోళ్ళకి సిల్లర ఇచ్చేసింది" అన్నాను.

ఆయన నమ్మలేదు. అటువంటివాళ్ళకు నమ్మడానికి వీడియోలే కావాలి.

అత్త కొడుకు ఆచారం ప్రకారం ఆమె నుదుట చందనం రాసి రూపాయి బిళ్ళ అంటించాడు. వెంటనే ఆ చుట్టం జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అత్త ముఖం మీదికి వంగాడు.

"కొంచెం జరగండి మామా, వెనకాలోళ్ళు చూడాల" అంది కోడలు.

ఆయన జరగలేదు. తల అటొకసారి ఇటొకసారి వాల్చి నాణేన్నే చూస్తున్నాడు. చందనం ఇంకా ఆరలేదు. రూపాయి మెల్లగా కనుబొమ్మ మీదికి జారింది. కోడలు ఆయన భుజం పక్కనుంచి చెయ్యి చాచి, బొటనవేలితో దాన్ని పైకి జరిపి, అంటుకునేదాకా అలాగే అదిమి పట్టుకుంది.