భావన వదిన చెప్పిన అగ్నిపర్వతాల పాఠం

మా భావన వదిన సైన్సు టీచరు. రాయ్‌పూర్ శివార్లలో ఫ్యాక్టరీల పేట ఉర్లా పక్కనున్న ఓ బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు భూమి కడుపులో ఏముందో చెబుతుంది. టీచరుద్యోగంలో అంత గొప్పేముందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఉద్యోగం ఆవిడకు ఎలా దొరికిందో తెలియని వాళ్లే అలా అంటారు.

రెండువేల తొమ్మిదిలో మా అన్నయ్య గిరిధర్‌ని పెళ్లాడి బొబ్బిలి నుంచి రాయ్‌పూర్ వచ్చింది. అన్నయ్య రైలు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. మేమంతా ఉండేది ఆ కార్ఖానా వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్‌లో. వదిన చదివింది తెలుగు మీడియంలో, బీఎడ్ కూడా అయింది. పాఠం చెప్పడమంటే ప్రాణం. ఇక్కడేమో హిందీలో చెప్పాలి. రెండు బడులవాళ్లు ఆవిడ మాట వినగానే నమస్కారం పెట్టి సాగనంపారు. "ఇంట్లోనే మనోళ్ల పిల్లలకి ట్యూషన్ చెప్పుకో, ఎందుకీ పరేషానీ" అన్నాడు అన్నయ్య. ఉర్లా బడే ఆఖరి ప్రయత్నమనీ, అదీ పోతే ఇక బడి మాటే ఎత్తననీ వదిన మాటిచ్చేసింది.

ఆ బడి ప్రిన్సిపల్ పేరు ప్రీతి మేడమ్. "ఏడో తరగతికి ఒక్క పాఠం చెప్పండి, నేను వెనక కూర్చుని వింటాను. పిల్లలకు అర్థమైతే ఉద్యోగం మీదే" అందట. పాఠం అగ్నిపర్వతాలు, భూఫలకాల అంచులు.

విషయం వదినకు కొట్టిన పిండి. భాష దగ్గరే వచ్చింది చిక్కంతా. నా ముందు హిందీలో నోరు విప్పేది కాదు, నేను నవ్వుతానని. నవ్వనా మరి? ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు లేదా? అందుకని నేను కాలేజీకీ అన్నయ్య డ్యూటీకీ వెళ్లాక మా అమ్మను పట్టుకుంది. మా అమ్మ అన్నమ్మ బడి మొహం చూడలేదు. అయినా ముప్పై ఏళ్లుగా కూరలమ్మే వాళ్లతో, పాలవాడితో, గిన్నెలు తోమే మనిషితో గలగలా మాట్లాడుతూ ఈ ఊరిని ఏలుతోంది. "హిందీకేటి, నాను నేర్పుతాను" అంది ధీమాగా.

నేర్పాలంటే ముందు పాఠం తనకు తెలియాలిగా. "ఒలే, భూమి కదుల్తాదేటి? మతి గాని పోయిందా?" అందట. వదిన పొయ్యి మీది పాలు దించి చూపించింది. మీగడను రెండు ముక్కలు చేసి, ఒకదాని మీదికి ఒకటి నెట్టింది. అంచులు తగిలిన చోట మీగడ ముడతలుపడి లేచింది. అవి కొండలంది. తర్వాత రెండింటినీ ఎడంగా జరిపింది. నడుమ నుంచి వేడి పాలు పైకి వచ్చాయి. లోపల కరిగిన రాయి ఇలాంటి చోట బయటికొస్తుందనీ, ఒక ఫలకం ఇంకోదాని కిందికి దూరే చోట కూడా అగ్నిపర్వతాలు పుడతాయనీ చెప్పింది. అమ్మ గిన్నెలోకి కాసేపు చూసి, "అయితే అంచులకాడే గొడవన్నమాట" అంది. 

ఇక ప్రతి మధ్యాహ్నం అమ్మ చెప్పడం, వదిన వల్లించడం. పుస్తకంలో హిందీకీ అమ్మ హిందీకీ పొంతన కుదరడం లేదని వదిన గమనించకపోలేదు. పుస్తకంలో ఉండే తెలుగు మనం మాత్రం ఇంట్లో మాట్లాడుతున్నామా, హిందీ కూడా అంతేనేమో అని సరిపెట్టుకుంది.

పాఠం రోజు రానే వచ్చింది. వదిన నల్లబల్ల మీద బొమ్మ గీసి, గొంతు సవరించుకుని, "ఏ భుయ్యా హా థిర్ నై హే, ధీరే ధీరే సరకథే" అని మొదలుపెట్టింది. ఈ నేల కుదురుగా లేదు, మెల్లమెల్లగా జరుగుతోంది అని. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది హిందీ కాదు, అచ్చమైన ఛత్తీస్‌గఢీ! మా అమ్మకు వచ్చింది అదొక్కటే. అదే హిందీ అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేసింది మహాతల్లి.

ఆ పిల్లలందరూ చుట్టుపక్కల పల్లెల నుంచి ఫ్యాక్టరీల్లో పనికొచ్చినవాళ్ల బిడ్డలు. ఇంట్లో వాళ్లది ఆ భాషే, బడిలో మాట్లాడితే మాత్రం చీవాట్లు. టీచరే ఆ భాషలో మాట్లాడేసరికి వాళ్లకు నోళ్లు వచ్చాయి. చాందిని అనే పిల్ల తండ్రి ఇనుము కరిగించే కొలిమి దగ్గర పనిచేస్తాడు. రాయి కూడా ఇనుములాగే కరుగుతుందా అని అడిగిందా పిల్ల. కరుగుతుందంది వదిన. మరి మన కొండల్లోంచి నిప్పెప్పుడొస్తుందని ఇంకొకడు బెంగపడ్డాడు. రాదు, మనం ఫలకానికి నడిమధ్యన ఉన్నాం, గొడవంతా అంచుల దగ్గరే అని గోడ మీది పటంలో ఆ అంచులన్నీ చూపించి నచ్చజెప్పింది.

అప్పుడు ప్రీతి మేడమ్ లేచింది. "మేడమ్, యే హిందీ నహీ హై" అంది. వదిన హిందీయే కదండీ అనబోయి, పిల్లలు ముసిముసిగా నవ్వడం చూసి సంగతి గ్రహించింది. మేడమ్ పిల్లల వైపు తిరిగి, జ్వాలాముఖులు, అంటే అగ్నిపర్వతాలు, ఎక్కువగా ఎక్కడుంటాయని పుస్తకం హిందీలో అడిగింది. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు.

ఉద్యోగం పోయిందని వదినకు తెలిసిపోయింది. అయినా పిల్లలకు ఏమీ రాదనిపించుకుని వెళ్లడం ఆవిడకు ఇష్టం లేకపోయింది. అదే ప్రశ్న అమ్మ నేర్పిన భాషలో మళ్లీ అడిగింది. చాందిని గోడ మీది ప్రపంచపటం దగ్గరికి నడిచి, పసిఫిక్ సముద్రం చుట్టూ వేలు తిప్పింది. తర్వాత హిమాలయాల దగ్గర ఆపి, ఇక్కడ రెండు ఫలకాలూ గుద్దుకుని ముడతలు పడ్డాయి, నిప్పు లేదు, ఒట్టి కొండలే అంది. క్లాసులో ఆ పిల్ల గొంతు వినడం ప్రీతి మేడమ్‌కి ఆ రోజే మొదటిసారట. "సోమవారం నుంచి వచ్చేయండి. హిందీ నేర్చుకోండి. ఈ భాష మాత్రం మానకండి" అంది.

సాయంత్రం వదిన ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, "అత్తమ్మా, మీరు నేర్పింది హిందీ కాదంట" అంది. నేను పగలబడి నవ్వాను.

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి ఈ ఊరోళ్లు ఇన్నేళ్లబట్టి నాతోటి ఏటి మాట్లాడతన్నారు?"

"ఛత్తీస్‌గఢీ, అత్తమ్మా."

"ఏదో ఒకటి. నౌకరీ వచ్చిందా, నేదా?"

"వచ్చింది" అంది వదిన. అనేసి ఏడ్చేసింది.

అమ్మ విసవిసా గేటు దగ్గరికి వెళ్లి, వీధి వీధంతా వినబడేలా "మోర్ బహూ హా మాస్టరిన్ బన్‌గే!" అని అరిచింది. మా కోడలు టీచరమ్మ అయిందహో అని. ఎదురింటి వాళ్లు, పాలవాడు, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. కాలేజీలో ఆ భాష వచ్చని తెలిస్తేనే నామోషీ అనుకునేదాన్ని. ఆ సాయంత్రం అమ్మ పక్కన నిలబడి, అదే మాట అమ్మకన్నా గట్టిగా అరిచాను.