మా ఏజెన్సీ ఏడో నిబంధన

ఇది ఒక వీరగాథ. ఇందులో సేనాపతి ఉన్నాడు, సైన్యం ఉంది, గండం ఉంది, వస్త్రాపహరణం కూడా ఉంది. కాకపోతే సేనాపతి మా మేనమామ, సైన్యం ఆరుగురు వాచ్‌మన్లు, కోట కాటేదాన్‌లో ఒక నూనె మిల్లు గేటు. కాబట్టి వీరగాథ కాదని ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ మంచిది.

తొంభైల నాటి మాట. శంషాబాద్‌లో విమానమంటే తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదు. డిగ్రీ అయిపోయి, టైపు లోయర్ పాసై, ఇంట్లో ఫ్యాను కింద శాశ్వత ఉద్యోగం చేస్తున్న నన్ను మామ పిలిచి, తాను పెట్టబోయే సెక్యూరిటీ ఏజెన్సీకి ‘లీగల్ ఇన్‌చార్జి’ని చేశాడు. (నా కింద ఎవరూ లేరు, పైన మామ, ఆ పైన రేకుల కప్పు.) ఈ వ్యాపారానికంటూ వేరే చట్టం అప్పటికింకా రాలేదు. దుకాణాల రిజిస్ట్రేషన్ కాగితం ఒకటి తెచ్చుకున్నాం. కిరాణా కొట్టుకిచ్చేదీ అదే. మామ దానికి ఫ్రేము కట్టించి, ఏసుప్రభువు పటం పక్కన తగిలించి, ‘లైసెన్సు’ అని పిలిచేవాడు.

మిల్లు మేనేజరు రెండు షరతులు పెట్టాడు. ఏజెన్సీకి రాతపూర్వకంగా నిబంధనలుండాలి. ఏ గార్డు మీదా కేసుల్లేవని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం తేవాలి. సోమవారానికి రెండూ లేకపోతే గేటు ఇంకొకరికి. మొదటిది నా పని. పట్నంలో ఒక పెద్ద ఏజెన్సీ వాళ్ల నిబంధనలు సంపాదించి, పేరు మార్చి, పన్నెండింటినీ టైపు చేశాను. చదవలేదు. అర్థం చూస్తూ కూర్చుంటే వేగం తగ్గుతుందని ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పారు. నేను మంచి విద్యార్థిని.

ఈలోగా మామ యూనిఫాం కుట్టించాడు. మా దగ్గర పోలీసులకు కుట్టే టైలరే కుట్టాడు. ఆయన చేతికి అలవాటైన కోత ఒకటే. కాటన్ ఖాకీ చొక్కా, భుజాల మీద పట్టీలు, వెడల్పాటి బెల్టు. “గేటు కాడ నిలబడితే దొంగకు చెమటలు పట్టాలె అల్లుడా,” అన్నాడు మామ. “దొంగ కన్నా ముందు మేనేజరుకు పడతయ్ మామా,” అన్నాను. నా హాస్యానికి ఆ ఇంట్లో గిరాకీ లేదు.

దాన్ని మొదట తొడిగింది మీసాల బాపు. కొత్తూరు దగ్గర రైతు, బోరు ఎండిపోయి ఈ కొలువుకొచ్చాడు. యాభై ఏళ్లొచ్చినా నెలజీతమనే వస్తువును చూసి ఎరగడు. శుక్రవారం పొద్దున ఆరుగురి తరఫునా కాగితం కోసం ఇద్దరం స్టేషన్‌కు బయల్దేరాం. “జర మంచిగ కనబడాలె కద కొడుకా,” అని కొత్త యూనిఫాంలోనే వచ్చాడు. లీగల్ ఇన్‌చార్జికి కూడా అది సబబే అనిపించింది.

గుమ్మంలో కానిస్టేబుల్ బాపు మీసం చూసి, చొక్కా చూసి, లేచి సెల్యూట్ కొట్టాడు. బాపు కూడా కొట్టాడు, మర్యాద తెలిసిన మనిషి. లోపల ఎస్సై కోస్తా వైపు వారు, కుర్చీ చూపించారు.

“ఏ స్టేషనండీ మీది?”

“కాటేదాన్ నూనె మిల్లు సార్. సోమారం సంది.”

ఎస్సై మాటలోంచి ‘అండీ’ అక్కడితో దిగిపోయింది. నా చేతిలో ఫైలు లాక్కుని, నిబంధనలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లి, ఏడో దాని దగ్గర ఆగి పైకి చదివారు. “సంస్థ గార్డులు పోలీసు, సైనిక దుస్తులను పోలిన దుస్తులు ధరించరాదు. అది నేరము. ఎవరు టైపు చేశారిది?”

“నేనే సార్.”

“తప్పుల్లేకుండా చేశావు.”

నా టైపును అంతకు ముందు గానీ తర్వాత గానీ ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన బాపు వైపు తిరిగారు. “కేసుల్లేవని రాయమంటావు. ఈ చొక్కా మీద నేను కేసు రాయాలి. రెండూ ఒకే చేత్తో ఎలా రాయమంటావయ్యా?”

బాపు కుర్చీలోంచి లేచాడు. నేను ఏదైనా జోకు వేద్దామని వెతికాను, దొరకలేదు.

“సార్, ఠాణా మెట్లు ఎక్కుడు నాకిదే మొదలు. గీ అంగి నేనడగలే. ఇచ్చిండ్రు, తొడిగిన. ఇప్పమంటే ఇప్పుత. కాగితం మాత్రం ఇయ్యుండ్రి. బోరు ఎండింది, ఇగ నేను యాడికి పోవాలె.” అంటూనే బెల్టు తీసి బల్ల మీద పెట్టి, చొక్కా విప్పి మడతపెట్టి, ప్యాంటు గుండీ మీద చెయ్యి వేశాడు.

“చాలు,” అన్నారు ఎస్సై. “ప్యాంటు ఒక్కటే అయితే ఎవరిదైనా కావచ్చు.” చిరుగుల బనీనుతో నిలబడ్డ మనిషిని కాసేపు చూసి, కలం తీసి కాగితం రాశారు. ఆ బనీను మీద ఏ కేసూ లేదు.

నా చొక్కా బాపుకిచ్చాను. గుండీలు పట్టక, ఆ కాగితాన్నే పొట్టకు అడ్డం పెట్టుకుని బజారంతా నడిచాడు. ఖాకీని పేపర్లో చుట్టి చంకలో ఇరికించుకుని, బనీనుతో నేను వెనకాల. “పరేషాన్ గాకు కొడుకా, నిన్నెవ్వలు చూస్తలేరు,” అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి విందుల పెద్ద డేగ్చా అడిగి తెచ్చి, ఆరు జతలూ నీలం రంగులో ముంచాం. పైకి తీస్తే ఆకుపచ్చగా వచ్చాయి. “ఇగ మిలిటరీ అయినం,” అని మామ అక్కడే కూలబడ్డాడు. (నిబంధనలో ‘సైనిక’ అన్న మాట కూడా ఉందని ఈసారి నేనే చదివి వినిపించాను.) మళ్లీ ముంచాం. సోమవారం పొద్దున బాపు ఇంకా తడి ఆరని నీలం చొక్కాతో మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ వ్యాపారానికి చట్టం ఉంది, అసలైన లైసెన్సు ఉంది. నేనూ ప్రతి కాగితాన్నీ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివే వయసుకొచ్చాను. ఒక్క ముక్క చదవకుండా అంత ధీమాగా ఫైలు పట్టుకుని స్టేషన్ మెట్లెక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కుళ్లు కూడా పుడుతుంది. ఇంతకీ ఆ ఏజెన్సీ వల్ల నాకు పక్కాగా వచ్చిన విద్య ఒకటే. కాటన్ బట్టకు రంగు వేసేటప్పుడు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే దిగిపోతుంది.