పాట మధ్యలో లేచి వెళ్ళిపోయిన అంకుల్

సింగపూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో కీబోర్డు వాయించే విద్యార్థి చదువు ముగించుకుని వెళ్ళిపోయాక, ఆరాధన నడిపించే పని నా మీద పడింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆంగ్ మో కియోలో వేరే సంఘం వాళ్ళ హాల్లో కూడుకునే పాతికమందిమి మేము. అతను వెళ్ళాక పాటలు నీరసించాయి. రెండో చరణానికే సగం గొంతులు ఆగిపోయేవి, పిల్లలు ఫోన్లలో మునిగిపోయేవాళ్ళు. "నువ్వు పాడతావు కదమ్మా, కాస్త ఊపు తీసుకురా" అన్నారు పాస్టర్ గారు. చిన్నప్పుడు బాపట్లలో సండే స్కూల్లో పాడటం తప్ప నాకు సంగీతం రాదు. అయినా కాదనలేకపోయాను.

వారమంతా అదే బెంగ. ట్రైన్లో పెదవులు కదుపుతూ పాడుకుంటూ, ఎవరైనా చూస్తే దగ్గినట్టు నటించేదాన్ని. చివరికి ఫోన్లోకి మ్యూజిక్ ట్రాకులు దించుకుని, పెద్ద స్పీకరు తెప్పించాను. తెలుగు చదవలేని పిల్లల కోసం పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేయించాను.

మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటలో డ్రమ్స్ అందుకోగానే ముందు వరుసలోని అంకుల్ మొహం చిట్లించారు. పాటల పుస్తకం కుర్చీలో పెట్టి, లేచి బయటికి వెళ్ళిపోయారు. మలేషియాలో రబ్బరు తోటల్లో తెలుగు కూలీల ఇంట పుట్టి, ఇక్కడ ఓడల యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. సంఘం మొదలైనప్పటి నుంచీ ఉన్నారు. నేను చరణం తప్పాను. కూడిక ముగిసినా ఆయన తిరిగి రాలేదు.

"టాయ్‌లెట్‌కి వెళ్ళుంటారు లా, డోంట్ వర్రీ" అంది మా అమ్మాయి ఇక్కడి యాసలో, టాంపినీస్‌లోని మా ఇంటికి తిరిగొస్తుంటే.

ఫోన్లో మెసేజ్ పెట్టాను. ఆయన చూశారు, జవాబివ్వలేదు. ఇన్నేళ్ళుగా వస్తున్న మనిషి నా వల్ల మానేస్తే? ఆఫీసులో పని మీద మనసు నిలవలేదు. శనివారం, ఆయన కుర్చీలో వదిలేసిన పాటల పుస్తకం పట్టుకుని యీషున్‌లో ఆయన ఫ్లాట్‌కి వెళ్ళాను.

తలుపు తీసి, "వామ్మా, మకాన్ అయిందా?" అన్నారు, తమిళం, మలయ్ కలిసిన తన తెలుగులో లోపలికి రమ్మని, భోజనం సంగతి అడుగుతూ.

"క్షమించండి అంకుల్. ఆ పాట మీకు నచ్చలేదేమోనని..."

"ఎన్న? గట్టిగా చెప్పమ్మా."

మళ్ళీ చెప్పబోతే ఏడుపొచ్చేసింది. ఆయన కంగారుపడి, చెవిలోంచి చిన్న వినికిడి మెషిన్ తీసి అరచేతిలో పెట్టి చూపించి, మళ్ళీ పెట్టుకున్నారు.

"పాట మంచిదేనమ్మా. ఆ డ్రమ్ము కొడితే ఇది కుయ్యిమని అరుస్తాది, తల పగిలిపోతాది. యార్డులో సుత్తి మోతకి చెవులు పోయినాయి."

"మరి మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదే?"

"సిగ్గేసింది. చెవిటోడని అందరికీ తెలిసిపోతాదని. నిజం చెప్తున్నా. కీబోర్డు వచ్చినప్పటి నుంచే పాట నాకు సరిగా వినబడదు. ఊరికే నోరు కదుపుతా."

ఊరట కలిగింది. కానీ ఇంకెంతమంది అలా నోరు కదుపుతున్నారో నేనెప్పుడైనా గమనించానా?

తోటల్లో ఎలా పాడేవారో అడిగాను. ఒకరు ఒక్క లైను ఎత్తుకుంటే అందరూ తిరిగి అనేవారట. వాయిద్యాలేమీ లేవు, చప్పట్లే. ఆయన ఒక లైను పాడి చూపించారు. గొంతు జీరబోయింది కానీ తాళం తప్పలేదు.

మర్నాడు స్పీకరు పెట్టలేదు. కుర్చీలు గుండ్రంగా వేయించి, ఆయన్ని ఒక పాట ఎత్తుకోమన్నాను. మొదటిసారి నలుగురైదుగురే తిరిగి అన్నారు. మూడోసారికి పిల్లలు కూడా అందుకున్నారు. లైను చిన్నది కాబట్టి తెర వైపు చూడాల్సిన పనే లేకపోయింది. చివర్లో తాళం పరుగెత్తి పాట గందరగోళమైతే అందరం నవ్వేశాం.

అందరికీ నచ్చలేదు. ఒక కుటుంబం వాళ్ళు పాస్టర్ గారి దగ్గర, "ఇది మరీ పాతకాలంలా ఉంది" అన్నారట. ఇప్పుడు కొన్ని పాటలు సౌండు తగ్గించిన ట్రాకుతో, కొన్ని ఇలా. ఆదివారం పొద్దున ఇప్పటికీ భయంతో మొదటి లైను పదేపదే పాడుకుంటాను. అయితే ఆ భయం మొదటి పల్లవి అయ్యేదాకానే.