బావ ఆల్బమ్‌లో గిటారు ఎవరిది?

ఆ రోజుల్లో మా కోట మండలమంతా దద్దరిల్లిన ఒక సంగీత మహాయుద్ధం గురించి చెబుతాను, చెవులు రిక్కించండి. నిజానికి యుద్ధమేమీ జరగలేదు, మండలానికి ఆ సంగతే తెలియదు. మా మేనత్త కొడుకు కీబోర్డుతో ఒక ప్రోగ్రెసివ్ రాక్ (అంటే పాట చాంతాడంత, దారి పొడుగునా తాళాల మార్పులు) ఆల్బమ్ చేశాడు, నేను కుళ్ళుకున్నాను. అంతే.

మా చర్చిలో ఏళ్ల తరబడి బావది కీబోర్డు, నాది గిటారు. ఎప్పటికైనా ఇద్దరం కలిసే ఆల్బమ్ చేస్తామని, దాని అట్ట మీద నేను ముందు, బావ కాస్త వెనగ్గా నిలబడతామని తీర్మానించేసుకున్నాను (బావకు చెప్పడం మరిచాను). తీరా నేను కృష్ణపట్నం పోర్టులో డ్యూటీలో ఉండగా, అతనొక్కడే గదిలో కూర్చుని చేసేశాడు. పైగా "విని ఎట్టుందో చెప్పు రా, నువ్వయితే మొహమాటపడవు" అంటూ ఫోనుకు పంపాడు.

కంపెనీ బస్సులో తప్పులు వెతుక్కుంటూ విన్నాను. ఆర్గాన్ అలలా లేస్తుంది, తాళం మారుతుంది, మళ్ళీ మారుతుంది, నేను దిగే చోటు వచ్చినా పాట అవదు. నా ఖర్మ కొద్దీ బాగుంది. అన్నిటికంటే ఒళ్ళు మండించింది మధ్యలో వచ్చిన గిటారు. ఎవడు వాడు?

"నీకు పాట ముగించడం రాదు బావా" అని తీర్పిచ్చాను. "పాస్టరుగారు ప్రార్థన చేసినంతసేపూ వెనక మెల్లగా వాయించీ వాయించీ, ఎవురో ఒకరు ఆమెన్ అంటే గానీ చెయ్యి తియ్యలేకుండా ఉండావు. జనం ముందర పెట్టి చూడు, తెలస్తది." జనం ఆవులిస్తారని నా ఆశ.

ఆదివారం ఆరాధన అయ్యాక స్పీకర్లో పెట్టాడు. ఆర్గాన్ మెల్లగా మొదలవగానే, అలవాటు కొద్దీ అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచేశారు. ఆమెన్ వినబడితే కదా కళ్ళు తెరవడానికి! తాళం మారిన చోటల్లా మా పెద్దమ్మ "స్తోత్రం" అంటూనే ఉంది. చివరికి పాస్టరుగారు ఒక కన్ను తెరిచి, పైకి ప్రార్థన చెబుతున్నవాళ్ళెవరూ లేరని గ్రహించి, గట్టిగా "ఆమెన్" అన్నారు. అందరూ కళ్ళు తెరిచారు. పాట మాత్రం ఆగలేదు.

"ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ కూచోలేదు అబ్బయా" అని పెద్దమ్మ బావ తల నిమిరింది. నేను ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఎవురు బావా ఆ గిటారోడు? నెల్లూరోడా?"

"ఎవురూ లేరు రా. కీబోర్డులోదే."

మనిషి కూడా కాని వాడి మీద వారం రోజులు పళ్ళు కొరికిన అప్పటి నేననే కుర్రాడు తలపుకొస్తే ఇప్పుడు నవ్వూ జాలీ కలిసే వస్తాయి. కీబోర్డులోని గిటారుకు శ్రుతి చేయక్కర్లేదు, అది డ్యూటీ దిగి వచ్చేదాకా ఆగక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు.