ఒంటిచేతి పడవ

మా ఆయనకు కరీంనగర్‌లో మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి ఇస్తే కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. ఆదివారం వస్తే మాత్రం షాపు ముఖం చూసేవాడు కాదు. మానేరు డ్యాంలో చేపలు పట్టాల్సిందే. అందుకని ఒక్కరే కూర్చునే ప్లాస్టిక్ పడవ ఒకటి పాతది కొనుక్కున్నాడు. కయాక్ అంటారట. రెండు చేతులా తెడ్డు వేసుకుంటూ పొద్దంతా నీళ్ల మీదే తిరిగేవాడు.

పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. కాలు కొంత కోలుకుంది గానీ చెయ్యి కోలుకోలేదు. షాపు మూసేశాం. నేను బట్టలు కుడుతూ ఇల్లు నడిపాను. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే. చాలా నెలల తర్వాత ఒక పొద్దున లేచి కూర్చుని, "తెడ్డు ఎయ్యరాకుంటె ఏమాయె, మోటర్ పెట్టుకుంట" అన్నాడు.

నేను అడ్డు చెప్పలేదు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

చిన్న కరెంటు మోటారు తెప్పించాడు. దానితోపాటు నీళ్ల అడుగున చేపలెక్కడున్నాయో తెర మీద చూపే సోనార్ కూడా వచ్చింది. పడవను వాకిట్లో వేసి పని మొదలుపెట్టాం. పడవ లోపల చెయ్యి పెట్టి నేను నట్టు పట్టుకుంటే, పైనుంచి ఆయన కుడిచేత్తో బోల్టు బిగించేవాడు.

"వదలకే, జర గట్టిగ పట్టు."

"పట్టిన. నువ్వు తిప్పు."

నీళ్లలో మునిగి ఉండే సోనార్ కన్ను మోటారు పక్కన పెడితే, అది లేపే నురగకు తెరంతా గీతలే వచ్చాయి. పైపుముక్కకు కట్టి దాన్ని పడవ ముందుకు జరిపాం. స్విచ్చి కుడివైపు, చుక్కాని తిప్పే పెడలు కుడికాలి కింద. బ్యాటరీకి నీళ్లు తగలని డబ్బా. వైర్లు కలుపుతున్నప్పుడు ఆయన ఈల వేయడం విని, నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

మొదటి రోజు పడవ గుండ్రంగా తిరిగింది. ఒడ్డున మత్స్యకారులు నవ్వితే ఆయన కూడా నవ్వాడు. మోటారును సరిగ్గా నడుమకు మార్చాక తిన్నగా సాగిపోయింది. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. లైఫ్ జాకెట్ ఎర్రచుక్కలా కనిపిస్తుండగా ఫోన్ చేశాడు.

"కింద శాపల మంద కనవడ్తుంది. నువ్వు గూడ సూస్తె బాగుండు."

"ఒక్కలు కూసునే దాంట్ల నేనెట్ల వస్తనయ్యా?"

"ఇద్దరు కూసునేది తీస్కుందాం తియ్యి."

ఆ వానాకాలం గడవనే లేదు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. మళ్లీ కళ్లు తెరవలేదు.

పడవ గోడకు ఆనించి ఉండిపోయింది. వాడకుండా వదిలేస్తే బ్యాటరీ పాడైపోతుందని ఆయన ఎప్పుడో చెప్పాడు. అందుకని నెలనెలా ఛార్జింగ్ పెట్టేదాన్ని. ఎవరి కోసమని మా అక్క అడిగినా మానలేదు.

చివరికి ఖానాపూర్‌లో ఉండే మరిది వచ్చి, కడెం ప్రాజెక్టులో తిప్పుకుంటానని అడిగితే ఇచ్చేశాను. పడవను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే నేను బయటకు రాలేదు. వారం తిరక్కముందే ఫోన్ చేశాడు.

"వదినె, ఇయ్యాల పెద్ద రవ్వ శాప పడ్డది. తెర మీద కొట్టొచ్చినట్టు కనవడ్డది. అన్న ఉంటె..."

"మంచిదే తమ్మీ. గని ఇసుంటియి నాకు చెప్పకు. నాతోని గాదు."

 "సరే వదినె" అని పెట్టేశాడు.

ఇప్పుడు ఫోన్ చేస్తే పిల్లల చదువులు, వరినాట్ల గురించి చెబుతాడు. నేనూ అవే అడుగుతాను.