డెబ్బై రెండో పేజీ

మా లైబ్రరీలో నా కుర్చీకి ఎదురుగా గోడకు నాలుగు కాగితాలు అంటించి ఉంటాయి. మా దీవులకు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన నియమాలవి. పత్రికల్లో అచ్చయిన పరిశోధన వ్యాసాల వివరాలను, దేశంలోని లైబ్రరీలు కలిసి వాడుకునే డేటాబేస్‌లోకి ఎలా ఎక్కించాలో వాటిలో ఉంటుంది. రచయిత ఇంటిపేరు ముందు, తరువాత పొడి అక్షరాలు. వ్యాసం పేరు అచ్చులో ఎలా ఉంటే అలాగే రాయాలి, అందులో తప్పున్నా దిద్దకూడదు. ఇంకో లైబ్రరీ వాళ్లు అప్పటికే ఎక్కించారేమో ముందు వెతికి చూసుకోవాలి. వ్యాసం చేతిలో లేకుండా ఎక్కించకూడదు. మొదటి పేజీ, చివరి పేజీ స్వయంగా తిప్పి చూసి వేయాలి. వ్యాసం మధ్యలో ఆగి, వెనకెక్కడో పూర్తయితే కామా పెట్టి ఆ పేజీ అంకె కూడా వేయాలి.

ఆ కాగితాలు వచ్చిన రోజున చదివి నవ్వాను. వీటిని రాసిన మనిషి ఎండిన కాగితాలున్న ఊళ్లో ఉంటాడని అన్నాను. మా దగ్గర ఏడాదిలో ఎనిమిది నెలలు వాన. బీరువాలోంచి పాత పత్రిక తీస్తే పేజీలు అప్పడాల పిండిలా ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. కొత్త పత్రికలు ఓడలో వస్తాయి. ఆరు నెలలవి ఒకేసారి దిగుతాయి. దిగిన గంటలోనే పై ఆఫీసర్ల గదుల్లోకి వెళ్లిపోతాయి, మళ్లీ మా కంటపడవు. అందుకని మాకో అలవాటు ఉండేది. పాతదైనా కొత్తదైనా పత్రిక చేతికి రాగానే విషయసూచిక పేజీ ఒక్కటి జిరాక్స్ తీసి పెట్టుకునేవాళ్లం. ఏ వ్యాసం ఎక్కడ మొదలవుతుందో అందులో ఉంటుంది. తరువాతి వ్యాసం నలభై ఎనిమిదిలో మొదలైతే, దీనిది నలభై ఏడులో అయిపోయినట్టే. ఒక పేజీ చూసి పన్నెండు వ్యాసాలు ఎక్కించేయొచ్చు. పక్క సీటులో కూర్చునే ఆవిడ ఇక్కడే పుట్టిన బెంగాలీ మనిషి. నా వేగం చూసి, "దీదీ, తుమ్ తో మెషీన్ హో" అనేది. నేను పొంగిపోయేదాన్ని.

మా నాన్న హాడో రేవులో ప్రభుత్వ పడవల మీద లష్కర్‌గా పనిచేశాడు. పడవకు తాడు వేయడం, తీయడం, లోతు చూడడం, అవసరమైతే చుక్కాని పట్టడం, ఇవన్నీ లష్కర్ పనులే. శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి పదహారేళ్ల వయసులో ఓడెక్కి వచ్చాడు. సంతకం తప్ప చదువు లేదు. కానీ ఏ దీవి వెనకాల నీళ్లు ఏ రంగులో ఉంటే అడుగున రాయి ఉందో, ఇసుక ఉందో చెప్పేవాడు. సముద్రాన్ని చదవడానికి వచ్చే పెద్ద చదువుల వాళ్లందరూ ఆయన పడవే ఎక్కేవారు.

రిటైరయ్యాక మధ్యాహ్నాల్లో నాకు టిఫిన్ డబ్బా పట్టుకొచ్చేవాడు. హాడో నుంచి మిడిల్ పాయింట్‌లో ఉన్న మా లైబ్రరీకి బస్సు ఉన్నా నడిచే వచ్చేవాడు. ఒకరోజు డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఈ మిషన్లో అన్ని బుక్కులూ ఉంటాయన్నావు గదా."

"అన్నీ కాదు నాన్నా. మనం ఎక్కించినవి ఉంటాయి."

"అయితే నా పేరున్న బుక్కు ఉందేటో సూడు. గెడ్డం సాబ్ రాసినాడు. పెద్ద ఆల్చిప్పల మీద. కడాకున నా పేరు కొట్టించాడు. జెట్టీ మీద కూకోబెట్టి నాకు సదివి ఇనిపించాడు."

ఆ సంగతి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. "ఆ సాబ్ పేరేంటి?"

"సాబ్."

"పుస్తకం పేరు?"

"ఇంగిలీసు."

"పోనీ, ఏ సంవత్సరం?"

"నువ్వు పాకతన్నావప్పటికి."

పక్క సీటు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎంట్రీలు పంపడానికి ఆ వారమే గడువు. నా ముందు నలభై జిరాక్స్ కాగితాలున్నాయి. "నాన్నా, పేరంటే పైన ఉండాలి. రాసినవాడి పేరే మేం ఎక్కించేది. అడుగున థాంక్స్ చెప్పిన వాళ్లందర్నీ ఎక్కిస్తూ పోతే ఈ మిషన్ మునిగిపోతుంది" అన్నాను.

"మునిగిపోద్దేటి? అరే బాప్‌రే, అయితే వద్దులే. పడవైతే నాను నీళ్లు తోడగలను గానీ, మిషన్‌కి నానేటి సేత్తాను?"

నవ్వుతూనే అన్నాడు. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్లాడు. ఆ తరువాత నాలుగేళ్లు డబ్బా తెచ్చాడు గానీ, ఆ పుస్తకం మాట మళ్లీ ఎత్తలేదు. నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. అందుకని ఆయన ఓడిపోయాడనే అనుకున్నాను.

ఆయన పోయి మూడేళ్లు. పోయిన మొదటి వానాకాలంలో నాకో పాడు అలవాటు అంటుకుంది. ఇంటర్నెట్ ఈడుస్తూ నడిచే మధ్యాహ్నాల్లో, ఎవరూ చూడకుండా, డేటాబేస్‌లో వెతికే గడిలో నాన్న పేరు కొట్టేదాన్ని. ఇంటిపేరు ముందు, తరువాత పొడి అక్షరం, నియమం ప్రకారమే. తెర మీద ఓ చక్రం తిరిగేది. అది తిరిగినంతసేపూ ఆయన మెట్లెక్కి వస్తున్నట్టు ఉండేది. తరువాత ‘ఫలితాలు లేవు’ అని వచ్చేది. ఉండవని నాకు తెలుసు. పేరు పైన ఉంటేనే దొరుకుతుంది. ఆ మాట అన్నది నేనే. అయినా రోజూ కొట్టేదాన్ని. ఆ చక్రం తిరగడం కోసం కొట్టేదాన్నేమో.

నిరుడు ఆయన రేకు పెట్టె శుభ్రం చేస్తుంటే ఒక ఫొటో దొరికింది. డింగీ పడవలో నాన్న, పక్కన గడ్డం ఉన్న మనిషి, ఇద్దరి మధ్యా వెడల్పాటి ఆల్చిప్ప. ఫొటో వెనకాల ఇంగ్లీషులో ఆ మనిషి సంతకం, ఏడాది. నాన్నకు అది ఉత్త గీతలు. నాకు అది రచయిత పేరు.

మర్నాడు ఆఫీసు తలుపు తీయగానే ఆ పేరు కొట్టాను. ఒక్క క్షణంలో దొరికింది. ద్వీపాల్లోని పెద్ద ఆల్చిప్పల మీద వ్యాసం, ఒక పాత బులెటిన్‌లో, పేజీలు 41-47. ఏ లైబ్రరీలోదని చూస్తే మాదే. ఎక్కించిన వారు అన్న చోట నా పొడి అక్షరాలున్నాయి. నాన్న అడగడానికి ఏడాది ముందే నేను ఎక్కించాను. ఆయన నా బల్ల ముందు నిలబడి అడిగిన రోజున ఆ బులెటిన్ నా వెనక బీరువాలోనే ఉంది.

ఇప్పుడు లేదు. చెమ్మకు పాడైన పాత పత్రికలను, వివరాలు ఎక్కించేశాం కదా, మెయిన్‌ల్యాండ్‌లో కాపీలున్నాయి కదా అని రెండేళ్ల కిందట ఖాళీ చేశాం. తీసేసిన వాటి జాబితా మీద సంతకం కూడా నాదే.

విశాఖలో ఉన్న ఒక లైబ్రరీకి రాస్తే మూడు రోజుల్లో స్కాన్ పంపారు. ఏడు పేజీలు. చకచకా చివరికి వెళ్లాను. నలభై ఏడో పేజీ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. దాని అడుగున చీమంత అక్షరాల్లో, మిగతా భాగం డెబ్బై రెండో పేజీలో అని ఉంది.

అక్కడ మా ఎంట్రీలను సరిచూసే మేడం ఉన్నారు. ఆవిడకూ నాకూ ఏళ్ల తరబడి తగువే. ఫోన్ చేశాను.

"ఏంటి మేడం, సగం వ్యాసం పంపి చేతులు దులుపుకున్నారు?"

"మీ రికార్డు ప్రకారమే పంపామండీ. నలభై ఒకటి నుంచి నలభై ఏడు."

"వాక్యం మధ్యలో ఆగిపోయిందని మీకు కనపడలేదా?"

"కనపడిందండీ. ఆ రికార్డు ఎవరు ఎక్కించారో కూడా కనపడింది."

"మీ పుస్తకం తీసి ఆ ఒక్క పేజీ చూడండి" అన్నాను.

"స్కాన్ అయ్యాక పుస్తకాలు తీసేశామండీ. జాగా ఎక్కడిది? రికార్డుల్లో ఉన్న పేజీలు చూసుకుని స్కాన్ చేయించాం. డెబ్బై రెండు ఏ రికార్డులోనూ లేదు కాబట్టి తీయలేదు."

"ఇంకెక్కడా లేదా?"

"అంత అవసరమా? వెనక పేజీలో ఏముంటుంది, ఓ పేరా, నాలుగు థాంక్స్‌లు..."

"ఆ థాంక్స్‌లే కావాలి. అందులో మా నాన్న ఉన్నాడు."

"ఆయన సైంటిస్టా?" అన్నారు మేడం. "లష్కర్ అండీ. ఆ సైంటిస్టుని పడవలో తీసుకెళ్లింది ఆయనే" అన్నాను. మేడం మామూలు గొంతుతోనే, "బైండు చేసి దాచుకున్న కాలేజీ ఒకటి ఉంది. అడుగుతాను. మాట ఇవ్వలేను" అన్నారు.

రెండు నెలలు ఎదురుచూశాను. ఆ రెండు నెలల్లో ఆ పేజీ గురించి ఆలోచించినంతగా ఆయన బతికుండగా ఆయన గురించి ఆలోచించానా అంటే, లేదు. ఆయన ఖాకీ చొక్కాలో ఎన్నిసార్లు ఉతికినా పోని డీజిల్ వాసన, అన్నం ముందు కూర్చుని కిటికీలోంచి ఆకాశం చూసి, "పొద్దున్న ఓడ కదలదు" అనడం, అది నిజంగా కదలకపోవడం. అబర్డీన్ బజార్‌లో బస్సు దిగి కూరలు కొంటూ, ముందు నడుస్తున్న ఏ ముసలాయన గొడుగునైనా రెండోసారి చూడడం. నాకు భయం కూడా ఉండేది. పేరు ఉందని చెప్పింది ఆయన ఒక్కడే. గడ్డం సాబ్ నిజంగానే చదివి వినిపించాడా, లేక చదువురాని మనిషిని సంతోషపెట్టడానికి లేని పేరు చదివాడా? ‘పడవ సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఉత్త ముక్క ఉంటే? నలభై ఏళ్లు ఆయన చెప్పుకున్నది ఉత్తిదని నా కళ్లతో నేనే చదవాల్సి వస్తే?

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోన్‌కు ఫొటో వచ్చింది. పేజీ కాస్త వంకరగా ఉంది, మూలన ఎవరిదో బొటనవేలు కూడా పడింది. డెబ్బై రెండు. పైన ఆగిపోయిన వాక్యం మిగతా సగం. దాని కింద మూడు పెద్ద పదవులకు కృతజ్ఞతలు. ఆ తరువాత నాన్న. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. ఈయన చూపించకపోతే ఈ చిప్పలున్న చోటు మాకు దొరికేది కాదు, అని ఉంది.

నేను పైకి చదివానట. పక్క సీటు ఆవిడ వంగి చూసి, "పాపా కా నామ్?" అంది. తల ఊపాను. ఆవిడ లేచి, టీ తెస్తానని బయటికి వెళ్లింది.

ఇక మేడంతో అసలు తగువు. గమనికల గడిలో నాన్న పేరు వేయనివ్వండి, వెతికితే దొరుకుతుంది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆ గడి చదివేవాళ్లకి పనికొచ్చే విషయానికండీ. థాంక్స్ చెప్పిన వాళ్లందర్నీ ఎక్కిస్తే మన డేటాబేస్ ఏమైపోవాలి?"

"మునిగిపోతుంది" అన్నాను.

"ఏమిటీ?"

"ఏం లేదు. మీరన్నది కరెక్టే."

నా నోట ఆ మాట విని ఆవిడే కంగారుపడ్డారు. "పేజీలు మాత్రం సరిచేయండి. అది నియమమే కదా" అన్నారు, మెత్తగా.

సరిచేశాను. ప్రింటు తీయించిన ఆ పేజీని బల్ల మీద పెట్టుకుని, వ్యాసం చేతిలో ఉంచుకుని, మొదటి పేజీ, చివరి పేజీ తిప్పి చూసి వేశాను. 41-47, 72. ఇప్పుడు ఎవరు ఆ వ్యాసం అడిగినా ఎనిమిది పేజీలు వెళ్తాయి.

నాన్న పేరు కొడితే ఇప్పటికీ ఏమీ రాదు. కొట్టడం మానేశాను. గడ్డం సాబ్ పేరు కొట్టి, రికార్డు తెరిచి, పేజీల అంకెల దగ్గర ఆగుతాను. మధ్యాహ్నం రెండు దాటాక మెట్ల మీద తడిసిన చెప్పుల చప్పుడు వినపడితే ఇంకా తల ఎత్తుతాను. ఒక్కసారి డబ్బా పట్టుకుని వచ్చి ఆ బల్ల ముందు నిలబడితే చాలు నాన్నా. ఏ గడువూ లేదు, కూర్చో. మిషన్ నీ వైపు తిప్పుతాను. నీ పేరు కనపడదు, కామా పక్కన అంకె కనపడుతుంది, వేలు పెట్టి చూపిస్తాను. తరువాత సొరుగులోంచి కాగితం తీసి, జెట్టీ మీద సాబ్ చదివినట్టు, నిదానంగా చదివి వినిపిస్తాను.